పులుపెక్కువని పక్కన పెట్టిన ద్రాక్ష

షాంపేన్ అంటే మనకు తెలిసింది కప్పు గెలిచిన ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు చిమ్ముకునే నురుగు సీసా. ఆ సీసాలోకి పోయిన ద్రాక్ష ఏ రకమో ఎవరూ అడగరు. రైతులం కాబట్టి మనం అడుగుదాం.

షాంపేన్ చెయ్యడానికి అక్కడి చట్టం చాలాకాలంగా ఏడు ద్రాక్ష రకాలను ఒప్పుకుంది. చేసేది మాత్రం దాదాపు మూడింటితోనే. పినో నువార్, మ్యునియే, షార్డొనే. మిగిలిన నాలుగింటి పేర్లు ఫ్రాన్సులోనే చాలామందికి తెలియవు. ఆర్బాన్, పెతీ మెస్లియే, పినో బ్లాన్, పినో గ్రీ. షాంపేన్ ప్రాంతంలో సుమారు 34 వేల హెక్టార్ల తోటలున్నాయి, మన లెక్కలో 84 వేల ఎకరాలు. అందులో ఈ నాలుగూ కలిపి నూరెకరాలకు అర ఎకరం కూడా లేవు. వీటిని ఎవరూ నిషేధించలేదు. వెయ్యొచ్చు. అయినా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు, ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకు మళ్ళీ వెతుక్కుంటున్నారు అన్నదే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందే ఒక మాట. ఇది మందు గురించి ప్రచారం కాదు. తాగమని నేను ఎవరికీ చెప్పను. ద్రాక్ష గురించి, రైతు గురించి రాస్తున్నాను. ఆ పంట చివరికి సీసాలోకి పోతుంది కాబట్టి సీసా సంగతి రాక తప్పదు.

షాంపేన్ ఒక ఊరి పేరు కాదు, ప్రాంతం పేరు. పారిస్‌కు తూర్పున ఉంటుంది. రాన్స్, ఎపెర్నే అక్కడి పెద్ద పట్టణాలు. దక్షిణాన ఓబ్ జిల్లా, దానికి ముఖ్య పట్టణం త్రువా. చలి ప్రాంతం. చాలాచోట్ల అడుగున తెల్లటి సుద్ద నేల. అంత చలిలో ద్రాక్ష పూర్తిగా పండటమే కష్టం. పండినా తీపి తక్కువ, పులుపు ఎక్కువ. మామూలు వైనుకు అది లోపం. నురుగు వైనుకు అదే బలం. ఎందుకంటే ఒకసారి పులిసిన వైనును సీసాలో పోసి, కొంచెం చక్కెర, కొంచెం ఈస్టు వేసి మూత బిగిస్తారు. లోపల అది రెండోసారి పులుస్తుంది. పుట్టిన గ్యాస్ బయటికి పోలేక వైనులోనే కరిగిపోతుంది. సీసా లోపల ఆరు వాతావరణాల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో గాలికి రెండింతల పైమాటే. ఆ తర్వాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి మడ్డి మీదే నేలమాళిగలో పడుకోబెడతారు. అన్నేళ్ళు చెడకుండా, రుచి చప్పబడకుండా నిలబెట్టేది పులుపే. మన ఊరగాయకు పులుపెంత అవసరమో షాంపేన్‌కూ అంతే.

ఇంకో సంగతి కూడా తెలియాలి. మామూలు షాంపేన్ ఒక ఏడాది పంటతో చెయ్యరు. మూడు నాలుగేళ్ళ వైన్లు కలిపి ప్రతిసారీ ఒకే రుచి వచ్చేట్టు చూస్తారు. ఏదైనా ఏడాది పంట బాగా కుదిరితే ఆ ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసి సీసా మీద సంవత్సరం వేస్తారు. దాన్ని వింటేజ్ అంటారు. మామూలుదాన్ని కనీసం 15 నెలలు మాళిగలో ఉంచాలి, వింటేజ్‌ను కనీసం మూడేళ్ళు. వింటేజ్ అంటే పాతది అని కొందరు అనుకుంటారు. అసలర్థం ఒక ఏటి పంట అని. ఆ ఏడు పడిన వాన, మంచు, ఎండ అన్నిటికీ అది సాక్ష్యం.

ఇప్పుడు పాత తోటలోకి పోదాం. 1890కి ముందు షాంపేన్‌లో ద్రాక్ష వరసల్లో ఉండేది కాదు. మొక్కలు గుంపుగా, ఒత్తుగా, అడ్డదిడ్డంగా ఉండేవి. మొక్క ముసలిదైతే దాని తీగను పక్కకు వంచి మట్టిలో తొక్కేవాళ్ళు. అక్కడ వేరు పట్టి కొత్త మొక్క వచ్చేది. మనం మల్లెకు, దానిమ్మకు నేల అంటు తొక్కినట్టు. ఖర్చు లేదు, నర్సరీ లేదు. తాత తొక్కిన తీగే మనవడి తోట. అందువల్ల ఒకే మడిలో నాలుగైదు రకాలు కలిసి ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక రకం మంచుకు పోతే ఇంకోటి మిగిలేది. ఫ్రొమాంతో అని అప్పట్లో పిలిచిన పినో గ్రీ ఉండేది. ఓబ్ వైపు ఆర్బాన్ ఉండేది. పెతీ మెస్లియే ఉండేది.

ఈ పెతీ మెస్లియే పుట్టుక చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. గ్వే బ్లాన్ అని ఒక పాత ద్రాక్ష ఉంది. అది పేదల ద్రాక్ష, పెద్దలు చులకనగా చూసినది. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక తేలిందేమిటంటే, ఆ గ్వే బ్లాన్, పినో కలిసి పుట్టింది షార్డొనే. అదే గ్వే బ్లాన్, సావన్యాన్ అనే ఇంకో రకంతో కలిసి పుట్టింది పెతీ మెస్లియే. అంటే ప్రపంచమంతా వెలిగిపోతున్న షార్డొనే, ఎవరికీ పట్టని పెతీ మెస్లియే సగం తోబుట్టువులు. ఒకరు దేశదేశాలు తిరిగారు, ఇంకొకరు ఊళ్ళోనే ఉండిపోయారు.

తర్వాత పురుగు వచ్చింది. ఫిలాక్సెరా. పేనుబంక జాతిది, కంటికి సరిగా ఆనదు, వేరును పట్టి పీలుస్తుంది. అమెరికా నుంచి మొక్కలతో పాటు ఓడల్లో వచ్చింది. 1860లలో దక్షిణ ఫ్రాన్సులో తోటలు ఎండిపోవడం మొదలైంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. 1868లో ప్లాన్షాన్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పాటు వెళ్ళినవాళ్ళు, చచ్చిన మొక్కను వదిలేసి ఇంకా బతికున్న మొక్క వేరు తవ్వి చూశారు. పురుగు దొరికింది. చచ్చిన వేరు మీద తిండి ఉండదు కాబట్టి పురుగు అప్పటికే పక్క మొక్కకు పోయి ఉంటుంది. ఇది మనకూ పాఠమే, పురుగును వెతకాల్సింది ఎండిన మొక్క కింద కాదు, పక్కనున్న పచ్చటి మొక్క కింద.

షాంపేన్‌కు ఆ పురుగు 1890 ప్రాంతంలో చేరింది. మందులు పోశారు, చేలు తగలబెట్టారు. ఆగలేదు. చివరికి మిగిలింది ఒకటే దారి. ఆ పురుగుతో కలిసి పెరిగిన అమెరికా అడవి ద్రాక్షను వేరుగా పెట్టి, దాని మీద ఫ్రెంచి ద్రాక్షను అంటు కట్టడం. అదైనా సుద్ద నేలలో సులువుగా కుదరలేదు. సున్నం ఎక్కువున్న నేలలో చాలా అమెరికా వేర్లకు ఇనుము అందదు, ఆకులు పసుపుబారి మొక్క కుంగిపోతుంది. 1887లో పియేర్ వియాలా అనే శాస్త్రవేత్తను సున్నపు నేలకు తట్టుకునే వేరు వెతకమని అమెరికా పంపారు. టెక్సాస్‌లో సున్నపురాతి గుట్టల మీద పెరిగే జాతి దారి చూపింది. అక్కడ వియాలాకు తోడు నిలిచిన మన్సన్ అనే నర్సరీ ఆయనకు ఫ్రాన్సు ప్రభుత్వం పెద్ద బిరుదు ఇచ్చింది. ఆ టెక్సాస్ జాతిని కలిపి తయారుచేసిన 41బీ అనే వేరు ఈనాటికీ షాంపేన్ సుద్ద నేలల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. మన తెలుగు నేల మీద, మహారాష్ట్రలో ద్రాక్ష రైతులు అంటుకు వాడే డాగ్‌రిడ్జ్ వేరు కూడా టెక్సాస్ అడవి తీగ నుంచి ఎంచినదే. వాళ్ళు పురుగు కోసం తెచ్చుకున్నారు, మనం ఉప్పునీళ్ళకు, నీటి ఎద్దడికి తెచ్చుకున్నాం. పైన కాసే కాయ పేరే మనకు తెలుసు. కింద మోసే వేరు పేరు ఎవరికీ పట్టదు.

సరే, అంటు వచ్చింది, తోటలు బతికాయి. పాత రకాలకు చావు మొదలైంది కూడా అక్కడే. ఎట్లాగంటారా? అంతకు ముందు తీగ వంచి తొక్కితే మొక్క వచ్చేది. ఇప్పుడు తొక్కితే సొంత వేరు పడుతుంది, సొంత వేరును పురుగు తినేస్తుంది. కాబట్టి ప్రతి మొక్కా డబ్బు పెట్టి అంటు కట్టించుకోవాల్సిందే. వరసల్లో నాటాల్సిందే. డబ్బు పెట్టి కొనేటప్పుడు ఏ రైతైనా ఏం చూస్తాడు? ఎక్కువ కాసేది, తొందరగా పండేది, తెగులు తక్కువ పట్టేది. ఆర్బాన్ గుత్తి చిన్నది, ఆలస్యంగా పండుతుంది, బూజు తెగులుకు లొంగుతుంది. పెతీ మెస్లియే దిగుబడికి నమ్మకం లేదు, పులుపు దిగదు. అంతకు ముందు మడిలో ఉన్నది ఉన్నట్టు కొనసాగేది. ఇప్పుడు ప్రతి రకానికీ పరీక్ష పెట్టారు, ఈ నాలుగూ తప్పాయి. పురుగు అన్ని రకాలనూ సమానంగా చంపింది. ఏది తిరిగి రావాలో మాత్రం రైతు జేబు నిర్ణయించింది.

పురుగు తర్వాత గొడవలు వచ్చాయి. రాన్స్, ఎపెర్నే పట్టణాల్లో పెద్ద కంపెనీలు. పల్లెల్లో చిన్న రైతులు. కొందరు వ్యాపారులు బయట ప్రాంతాల నుంచి చవక వైను తెచ్చి షాంపేన్ పేరుతో అమ్ముకున్నారు. 1908లో ప్రభుత్వం హద్దులు గీసింది, ఈ ఊళ్ళదే షాంపేన్ అని. ఓబ్ జిల్లాను బయట పెట్టింది. పూర్వం షాంపేన్ ప్రభువులు ఏలిన రాజధాని త్రువా ఉన్నది ఆ ఓబ్‌లోనే. రాజధానినే రాజ్యం బయట పెట్టినట్టయింది. 1910లో వానలకు, తెగుళ్ళకు పంట దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. 1911 జనవరిలో మార్న్ లోయ రైతులు బయటి నుంచి వచ్చిన సరుకును అడ్డుకుని పారబోశారు. వసంతంలో ఓబ్ రైతులు మమ్మల్ని కలపండని త్రువా వీధులు నింపేశారు. ఏప్రిల్‌లో హద్దులు ఎత్తేస్తారన్న కబురు రాగానే మార్న్ రైతులు భగ్గుమన్నారు. ఆయీ అనే ఊళ్ళో వ్యాపారుల మాళిగలు పగలగొట్టారు, ఇళ్ళు తగలబెట్టారు. సైన్యం దిగింది. ఓబ్‌కు రెండో తరగతి షాంపేన్ అని ఒక పేరు పెట్టి అప్పటికి సర్దారు. ఆ తర్వాత 1914లో యుద్ధం వచ్చి ఆ తోటల్లోనే కందకాలు తవ్వింది.

ఈ లెక్క తేలింది 1927 జులై 22 చట్టంతో. ఓబ్‌ను పూర్తి షాంపేన్‌గా ఒప్పుకున్నారు. ఏ ఊళ్ళు, ఏ నేల, ఏ ద్రాక్ష అన్నీ రాశారు. ఓబ్‌లో ఎక్కువగా ఉన్న గమే అనే రకాన్ని కొన్నేళ్ళ గడువిచ్చి తీసెయ్యమన్నారు. పినో జాతి, షార్డొనేతో పాటు ఆర్బాన్, పెతీ మెస్లియే పేర్లు ఆ చట్టం లోపల నిలిచాయి. అప్పుడు ఆ రెండు పేర్లు రాయకపోయి ఉంటే ఈ రోజు ఎవరికైనా వెయ్యాలనిపించినా వెయ్యడానికి లేదు.

అయితే చట్టంలో పేరుంటే మొక్క బతకదు. రెండో యుద్ధం తర్వాత షాంపేన్‌కు గిరాకీ పెరిగింది. కొత్త తోటలు పడ్డాయి. ట్రాక్టర్లు వచ్చాయి. నర్సరీలు మూడు రకాల్లోనే మంచి క్లోన్లు తీసి అమ్మాయి. రైతు ద్రాక్షను కిలోల లెక్కన కంపెనీకి అమ్ముతాడు. కిలో ఆర్బాన్‌కూ కిలో పినో నువార్‌కూ కాటా దగ్గర తేడా లేదు. అలాంటప్పుడు తక్కువ కాసే రకాన్ని ఎవరు పెంచుతారు చెప్పండి? నేనైనా పెంచను. ఇందులో రైతును తప్పుబట్టడానికి ఏమీ లేదు. కిలో లెక్క కొనే చోట బరువే బతుకుతుంది, రుచి కాదు.

మరి ఎట్లా మిగిలాయి? ఇక్కడే నాకు ఈ కథ పట్టింది. ఓబ్‌లో బుక్సోయ్ అనే ఊరుంది. అక్కడ ముతార్ కుటుంబం 1952లో ఆర్బాన్ నాటింది. అందరూ తీసేస్తున్న రోజుల్లో. అదే ఓబ్‌లో ఉర్విల్ అనే ఊళ్ళో ద్రాపియే కుటుంబం, 12వ శతాబ్దంలో క్రైస్తవ సన్యాసులు తవ్విన మాళిగల్లో వైను దాచుకునేవాళ్ళు, ఆర్బాన్, పెతీ మెస్లియే, పినో బ్లాన్ మళ్ళీ వేసి, షార్డొనేతో కలిపి నాలుగు సమపాళ్ళలో ఒక షాంపేన్ చేశారు. రాన్స్ పక్కన జుయీ అనే ఊళ్ళో ఓబ్రీ కవల అన్నదమ్ములు 1980లలో, తమ కుటుంబం తోట పట్టి రెండు వందల ఏళ్ళు అవుతున్న సందర్భానికి, పాత రకాలను తెచ్చి నాటారు. ముతార్ వాళ్ళు ఆరు రకాలు కలిపి సంవత్సరం వేసిన సీసా తీస్తారు. ఓబ్రీ వాళ్ళదీ సంవత్సరం వేసిందే.

ఈ మూడు కుటుంబాలకూ ఒక పోలిక ఉంది. ముగ్గురూ తమ ద్రాక్షను తామే సీసాలోకి ఎక్కించి తమ పేరుతోనే అమ్ముకుంటారు. కిలో తగ్గినా సీసా ధరలో రాబట్టుకోగలరు. కొనేవాడికి ఇది వేరే రుచి, వేరే చోట దొరకదు అని చెప్పుకోగలరు. పాత రకాన్ని కాపాడింది ప్రేమ ఒక్కటే అంటే నేను నమ్మను. ప్రేమ ఉన్నవాడి చేతిలో అమ్మకం కూడా ఉంది, అందుకని నిలిచింది. ప్రేమ ఉండి కాటా దగ్గర నిలబడ్డ రైతు ఎంతమంది మనసు చంపుకుని పీకేశారో ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు కథ తిరగబడింది. ఎండలు పెరిగాయి. 2003లో ఏప్రిల్ మంచుకు మొగ్గలు మాడాయి, వేసవిలో వడగాలులు కొట్టాయి, ఆగస్టులోనే కోత పెట్టాల్సి వచ్చింది. అంత ముందు కోత 1822 తర్వాత ఎవరూ చూడలేదు. వింత ఏడాది అనుకున్నారు. తర్వాత 2007లో, 2011లో, 2018లో, 2020లో, 2022లో కూడా ఆగస్టులోనే కత్తెర పట్టారు. మూడు దశాబ్దాల కిందటితో పోలిస్తే కోత రెండున్నర వారాలకు పైగానే ముందుకు జరిగింది. ద్రాక్ష తొందరగా పండితే తీపి పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. పులుపు లేకపోతే షాంపేన్ లేదు. మరి ఎంత ఎండకైనా పులుపు వదలని రకం ఏది? పెతీ మెస్లియే. ఆలస్యంగా పండేది ఏది? ఆర్బాన్. ఏ కారణం చెప్పి వందేళ్ళ కింద పక్కన పెట్టారో అదే కారణంతో ఇప్పుడు పిలుస్తున్నారు. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో కూడా పెతీ మెస్లియే ఒక్కదానితోనే సీసా తీసేవాళ్ళు ఉన్నారు. తెగుళ్ళను తట్టుకుంటుందని వోల్టిస్ అనే సంకర రకాన్ని కూడా ఈ మధ్య పరిమితంగా ఒప్పుకున్నారు.

రుచి సంగతి చెప్పకుండా ఇదంతా చెబితే కూర పేరు చెప్పి కంచం ఎత్తేసినట్టు ఉంటుంది. మా మేనల్లుడు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తాడు. పోయిన సంక్రాంతికి వస్తూ ఒక చిన్న రైతు కుటుంబం చేసిన సీసా తెచ్చాడు. ఈ పాత రకాలు ఎక్కువగా ఉన్నది, 2012 పంట. ఆ ఏడాది అక్కడ వసంతంలో మంచు, తర్వాత వడగళ్ళు, పూత సరిగా నిలవలేదు, బూజు తెగులు. పంట తగ్గింది. చివర్లో ఆగస్టు ఎండ కాయడంతో చెట్టున మిగిలిన కాయ బ్రహ్మాండంగా పండింది. గుత్తులు తగ్గితే ఉన్న గుత్తికి సత్తువ పెరుగుతుందని ద్రాక్ష పెట్టినవాళ్ళకు తెలుసు.

సన్నటి గ్లాసులో పోశాడు. రంగు దోర నిమ్మపండుది. బుడగలు గోళీసోడా బుడగల్లా పెద్దవి కావు, గసగసాల్లా సన్నగా, దారం కట్టినట్టు కింద నుంచి పైకి. ముక్కు దగ్గర పెడితే మొదట వచ్చింది ద్రాక్ష వాసన కాదు, బేకరీలో బన్ను కాలేటప్పటి వాసన. ఏళ్ళ తరబడి ఈస్టు మడ్డి మీద పడుకున్నందుకు అది. కొంచెం ఆగితే పచ్చి మామిడి చెక్కు తీసేటప్పుడు లేచే వాసన. ఆ వెనక నిమ్మాకు నలిపినట్టు ఒక పచ్చి వాసన. ఆ పచ్చిదనం ఆర్బాన్, పెతీ మెస్లియేల గుణమని మేనల్లుడు చెప్పాడు.

నోట్లో పోసుకున్నాక మొదటి క్షణం పులుపు కొట్టింది. చింతపండు పులుపు కాదు, అది నాలుక మీద కూర్చుంటుంది. నిమ్మ పులుపు కాదు, అది వచ్చి పోతుంది. ఇది ఉసిరికాయ పులుపు. దవడల పక్కన నీరు ఊరించి, మింగాక సన్నటి తీపి మిగులుస్తుంది. ఉసిరి నమిలి బావినీళ్ళు తాగితే తియ్యగా ఉండదూ, అట్లా. దాని వెనక దబ్బకాయ తొక్క చేదు, కొద్దిగా. చివర సున్నపు తేట లాంటిదేదో నాలుక అంచున నిలిచింది. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, ఇంత డబ్బు పోసి పుల్లనీళ్ళు కొన్నారా అంది. ఆమెదీ తప్పు కాదు. చల్లదనం తగ్గాక, పావుగంట తర్వాత, అదే గ్లాసులో బేరిపండు లాంటి మెత్తదనం బయటికి వచ్చింది. అది పినో బ్లాన్ వంతట. అప్పుడు ఆమె ఇంకో గుక్క తాగి ఊరుకుంది. పన్నెండేళ్ళు దాటిన సీసాలో అంత పులుపు నిలిచి ఉందంటే, చెట్టు మీద ఎంత ఉండి ఉంటుందో చూస్కోండి. దిగుబడి కాగితంలో ఇది తప్పు అని రాసిన గుణం. గ్లాసులో అదే వెన్నెముక.

పాతదంతా బంగారమని చెప్పడానికి ఇది రాయలేదు. పెతీ మెస్లియేతో షాంపేన్ మొత్తం నిండిపోతుందని నేను అనుకోను. బూజు తెగులు ఇంకా పడుతుంది, గుత్తి ఇంకా చిన్నదే. పాత రకాల్లో తీసెయ్యాల్సినవీ ఉంటాయి. కానీ ఒక రకం తీసేసేటప్పుడు మనం చూసేది ఆ రోజు వాతావరణం, ఆ రోజు మార్కెట్. రెండూ మారతాయి. మారిన రోజున వెనక్కి తెచ్చుకోవడానికి ఎక్కడో ఒక వరస బతికి ఉండాలి. ఆ వరస ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. షాంపేన్‌లో దాన్ని కొన్ని కుటుంబాలు తమ సీసా ధరలోంచి భరించాయి. మిగతా వేలమంది రైతులు భరించలేకపోయారు.

మన దగ్గర హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ళ మీద అనాబ్-ఎ-షాహి ఉండేది. నిజాం రాజ్యంలో పాతుకుపోయిన రకం. పేరుకే రాజుల ద్రాక్ష అని అర్థం. బారెడు గుత్తులు, పొడవాటి తెల్లకాయ, బ్రహ్మాండమైన దిగుబడి. లోపల గింజ. గింజ లేని థాంప్సన్ వచ్చాక కొనేవాళ్ళు అటే తిరిగారు, కాటా కూడా అటే తిరిగింది. ఆ పందిళ్ళున్న నేలల్లో చాలాచోట్ల ఇప్పుడు ప్లాట్ల రాళ్ళున్నాయి. ఇక్కడ తీగను ఓడించింది పురుగు కాదు, గింజ. దిగుబడి ఉన్నా నిలవలేదంటే కొనేవాడి నోటికి ఎంత బలం ఉందో చూడండి.

కాబట్టి నా మాట ఇది. పాత రకం పెట్టమని రైతుకు ఉపన్యాసం చెప్పేవాళ్ళు, ముందు దాన్ని రకం పేరుతో, దాని రుచికి తగ్గ ధరతో కొనే దారి చూపాలి. అది లేకుండా చెప్పేదంతా వట్టిమాటే. రైతు వైపు నుంచి చెయ్యగలిగింది ఒకటుంది. మొత్తం తీసేసేటప్పుడు గట్టు వార ఒక తీగ, ఒక చెట్టు ఉంచడం. దాని పేరు పిల్లలకు చెప్పడం. పేరు తెలియని మొక్కను ఎవరూ వెతకరు.

మీ ఇంటి పందిరి మీదో, మీ ఊరి తోటలోనో అనాబ్-ఎ-షాహి గానీ, ఇంకేదైనా పాత ద్రాక్ష తీగ గానీ ఇంకా బతికుంటే కింద రాయండి. ఏ నేల, ఏ నెలలో కోత, పులుపా తీపా, అదీ రాయండి. ఫోటో ఉంటే మరీ మంచిది.